కార్టూను కథపై వచ్చిన వీడియో గేము కొనదగినదా?

బాలబాలికలకు బొమ్మల కథలయందు ప్రీతి మెండు. కథలోని నాయకుడు తమ చేతి మీటలకు లోబడి నడచునన్నచో ఆ ప్రీతి యినుమడించును. కార్టూను కథల పేర వీడియో గేములు వెలువడుటకు కారణ మిదియే. అయితే పెట్టెమీది బొమ్మను చూచి కొనిన గేము లోపల నెట్లుండునో కొనువానికి ముందుగా తెలియదు. పండుగలకు పెద్దలిచ్చిన రూపాయలను ఏడాదిపాటు కూడబెట్టుకొనిన విద్యార్థికి ఇది చిన్న సంగతి కాదు. కావున నట్టి గేము కొనదగినదో కాదో తెలిసికొను విధమును రెండు ఉదాహరణములతో ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

మొదటి ఉదాహరణము డక్‌టేల్స్. స్క్రూజ్ మెక్‌డక్ అను ముసలి బాతు గొప్ప ధనవంతుడు, అంతకు మించిన పిసినారి. కార్ల్ బార్క్స్ అను చిత్రకారుడు 1947లో ఈ పాత్రను సృష్టించెను. డిస్నీవారు 1987లో ఇతనిని నాయకునిగా జేసి డక్‌టేల్స్ అను టెలివిజన్ కార్టూనును ప్రారంభించిరి. 1990వ దశకమున మన దూరదర్శన్ దీనిని హిందీలో ప్రసారము చేయగా నాటి పిల్లలు మిగుల ఆసక్తితో చూచిరి. ఈ కథపై జపాను దేశపు కాప్‌కామ్ సంస్థ 1989లో నింటెండో యంత్రమునకు ఒక గేమును తయారుచేసెను.

ఆ గేమునందు అమెజాన్ అడవి, ట్రాన్సిల్వేనియా కోట, ఆఫ్రికా గనులు, హిమాలయములు, చంద్రమండలము అను ఐదు మజిలీలు గలవు. ఒక్కొక్క మజిలీయందు ఒక్కొక్క నిధి యున్నది. స్క్రూజ్ చేతికర్రయే అతని ఆయుధము, అదియే అతని వాహనము. ఎగిరి, కర్రను క్రిందికి నిలిపినచో దానిపై గంతులు వేయుచు అతడు ముండ్లను దాటును, శత్రువుల తలలపై దుమికి వారి నణచును, ఎత్తైన గట్టుల నెక్కును. హిమాలయముల మంచుపై నట్లు దుమికినచో మాత్రము దిగబడి చిక్కుకొనును. అన్నిచోట్లను ఉపాయమైనది అచ్చట అపాయమగును. ఆఫ్రికా గనులకు వలయు తాళపుచెవి ట్రాన్సిల్వేనియాలో నుండును. కావున ఆడువానికి చేతి నేర్పుతోబాటు ఆలోచనయు కావలెను.

ఇప్పుడొక పరీక్ష చేయుదము. ఈ గేమునుండి బాతు బొమ్మను, డిస్నీ పేరును తీసివేసి, ఊరు పేరు లేని ఒక ముసలివానిని అచ్చట నిలుపుదము. కర్రపై గంతులు వేయుట అప్పటికిని వినోదమే. రహస్యపు దారులను వెదకుట అప్పటికిని ఉత్సాహకరమే. పేరు పోయినను ఆట నిలిచినది. మఱియు, లోకమంతయు తిరిగి నిధులను కూర్చుట స్క్రూజ్ స్వభావమునకు తగిన పని గదా! ఇచ్చట కథయు ఆటయు ఒకదాని కొకటి తోడైనవి.

రెండవ ఉదాహరణము దీనికి విరుద్ధము. సూపర్‌మాన్ కథపై 1996లో ఒక టెలివిజన్ కార్టూను ప్రారంభమయ్యెను. దానినిబట్టి ఫ్రాన్సు దేశపు టైటస్ సంస్థ 1999లో నింటెండో 64 యంత్రమునకు ఒక గేమును వెలువరించెను. నాయకుని బలము లోకప్రసిద్ధము. గేములోనో, అతడు మాటిమాటికి చేయవలసిన పని, గాలిలో వ్రేలాడు వలయముల గుండ గడువులోపల వరుసగా ఎగురుటయే. నగరమును దట్టమైన పొగమంచు కప్పియుండును. మీటలకు నాయకుడు చక్కగా లొంగడు. మిక్కిలి చెడ్డ గేములను పేర్కొనునపుడు విమర్శకులు దీనిని తరచుగా స్మరింతురు. దీనినుండి సూపర్‌మాన్ పేరు తీసివేసినచో మిగులునది పొగమంచును, వలయములును మాత్రమే.

ఒకే తీరు సరుకున ఇంత భేద మేల? కార్టూను పేరు వాడుకొనుటకు గేము చేయువారు హక్కుదారులకు సొమ్ము చెల్లింపవలెను, వారు పెట్టు నియమములకు లోబడవలెను. ఇట్లు తెచ్చుకొనిన పేరే సరుకు నమ్మిపెట్టునను ధీమా కలిగెనా, ఆటకు పెట్టవలసిన శ్రమ తగ్గును. ఒకరు బాలుర ప్రీతిని గౌరవించి దానికి తగిన ఆటను సమకూర్తురు. మఱియొకరు ఆ ప్రీతినే సొమ్ము చేసికొందురు. కొనువాడు కనిపెట్టవలసిన భేద మిదియే.

"నాకు ప్రియమైన పాత్ర కనబడిన చాలును, ఆట యెట్లున్న నేమి?" అని కొంద రనవచ్చును. ఈ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. 2013లో డక్‌టేల్స్ గేమును వేఫార్వర్డ్ సంస్థ క్రొత్త చిత్రములతో మరల తీర్చగా కాప్‌కామ్‌వారు వెలువరించిరి. వెల సుమారు 15 డాలర్లు. కార్టూనున స్క్రూజ్‌కు గొంతు నిచ్చిన అలన్ యంగ్ తన 93వ యేట ఈ గేమునకును గొంతు నిచ్చెను. కార్టూనును ప్రేమించినవానికి ఆ కంఠము వినుటయే ఒక భాగ్యము. ఆటలో కూర్చిన ధనముతో చిత్రములను, సంగీతమును చూడను వినను పొందవచ్చును. అందులకు మన జేబులోని రూపాయి నడుగదు. అయినను లోపములు లేకపోలేదు. పాత్రల సంభాషణలు ఆటకు పలుమారు అడ్డుతగులును. కొన్ని గంటలలోనే ఆట ముగియును. ప్రీతి యున్నవాడు ఈ లోపములను సహించును. లేనివాడు వెల తగ్గినపుడు కొనుట మేలు.

ఇంకొక సంగతి కలదు. ఈ క్రొత్త డక్‌టేల్స్‌ను 2019 ఆగస్టులో ఇంటర్నెట్టు అంగళ్లనుండి తొలగించిరి. 2020 మార్చిలో అది మరల అమ్మకమునకు వచ్చెను. దానిని అమ్మిన అంగళ్లలో వీ యూ యంత్రపు అంగడి 2023 మార్చిలోను, ఎక్స్‌బాక్స్ 360 యంత్రపు అంగడి 2024 జూలైలోను క్రొత్త అమ్మకములను నిలిపివేసినవి. అలమరలోని పుస్తకమును మన మనుమలును చదువగలరు. డౌన్‌లోడు చేసికొను గేమునకు అంత నిలుకడ లేదు. సొమ్ము చెల్లించుటకు ముందు ఏ యంత్రమునకు, ఏ రూపమున కొనుచున్నామో విచారించుకొనవలెను.

గోపురము కట్టబూనినవాని ఉపమానమును మన పాఠశాలలో వినని విద్యార్థి యుండడు. పని మొదలుపెట్టుటకు ముందే లెక్క చూచుకొనుట వివేకమని దాని తాత్పర్యము. గేము కొనువాడును మూడు లెక్కలు చూచుకొనవలెను. పేరు తీసివేసినను ఆట నిలుచునా? వెలకు తగినంత కాలము వినోదము నిచ్చునా? ఎన్నాళ్లు మనయొద్ద నుండును? ఇదివరకే కొనిన స్నేహితునియింట అరగంటసేపు ఆడి చూచినచో మొదటి ప్రశ్నకు ఉత్తరము తానే దొరకును.

ఈ లెక్క ప్రకారము డక్‌టేల్స్ కొనదగినది, సూపర్‌మాన్ కొనదగనిది అని మా నిశ్చయము. పిసినారితనము గుణము కాదు గాని, తాను సంపాదించిన మొదటి నాణెమును పోగొట్టుకొనక దాచుకొనిన ఆ ముసలి బాతునుండి ఒక్క పాఠము నేర్వవచ్చును: కష్టముతో కూడబెట్టిన పైకమును పెట్టెమీది బొమ్మకు కాక, లోపలి సరుకుకే యియ్యవలెను.