సబ్బుబిళ్ళకు అచ్చు వేయుట

బెంగుళూరులో స్థాపింపబడిన మైసూరు ప్రభుత్వపు సబ్బు కర్మాగారమువలన చందనపు సబ్బు పేరొందినది. అంగడిలో అట్టి బిళ్ళ నునుపును, దానిపై తేలిన అక్షరములను జూచి, చేతిసబ్బునకు గూడ నా రూపము కలుగునా యని మా విద్యార్థు లడిగిరి. మేము తరగతిలోనే పరీక్షించితిమి.

వేరుసెనగనూనె మన అనంతపుర సీమలో సులభముగా దొరకును గాని, దానితో మాత్రమే చేసిన సబ్బు మెత్తనిది. కొబ్బరినూనె కలిపినచో గట్టిపడి అచ్చు చక్కగా నిలుచును.

పచ్చిసబ్బు అచ్చున కంటుకొనును. మిక్కిలి యెండినది బీటలువాఱును. ఈ మెట్టసీమ పొడిగాలిలో ఎండ తగిలినచో పైపొర బిగియును, లోపలి తడి యట్లే యుండును. కావున నీడలో ఆరబెట్టి, దినమున కొకమాఱు త్రిప్పవలెను. వ్రేలితో నొక్కిన నంటక, కొంచెము సొట్టపడునపుడే అదను. అంతట అంచులు చెక్కి, తూచి, ఉప్పునీరు పలుచగా పూసిన అచ్చులో నుంచి, మర మెల్లగా బిగింపవలెను.

మేము నొక్కిన వానిలో మిక్కిలి అందమైన బిళ్ళను కోసి, ఫినాల్ఫ్తలీన్ చుక్క వేయగా గాఢమైన గులాబిరంగు తేలెను. అనగా క్షారము మిగిలినదన్నమాట. అది చర్మమును కాల్చును. కాస్టిక్ సోడా 100 గ్రాముల వేరుసెనగనూనెకు సుమారు 13½ గ్రాములును, కొబ్బరినూనెకు 18 గ్రాములును సరిపోవును. మా తూకమే తప్పినది. ఆ సబ్బంతయు తురిమి, నూనె చేర్చి, మరల కాచితిమి.

విద్యార్థులారా! అచ్చు రూపము నిచ్చును. గుణము నిచ్చునది త్రాసు.