ఒక్కసారికే తృప్తినిచ్చే ఆటలు: మేనకోడలికి లేఖ

చిరంజీవి సౌజన్యను ఆశీర్వదించి మేనమామ రాయునది.

ఒకసారి ఆడగానే పని తీరిపోయే బోర్డు ఆటల మీద డబ్బు పెట్టడం సమంజసమా అన్నది చిరంజీవి అడిగిన మొదటి ప్రశ్న. మళ్ళీ ఆడాలనిపించని ఆటను ఇష్టమైన ఆటగా చెప్పుకోవడం సబబా అన్నది రెండవది. విడివిడిగా కనిపిస్తున్నా ఈ రెండింటికీ మూలం ఒకటే. ఒక ఆట ఎన్నిసార్లు బల్ల మీదికి వచ్చిందన్న లెక్కతోనే దాని విలువ కట్టే అలవాటు ఆ మూలం. ఆ లెక్క తప్పు కాదు గానీ, అది ఒక రకం ఆటల నుంచి పుట్టిన కొలత కనుక, వేరే రకం ఆటలకు దానినే పెట్టి చూస్తే అన్యాయమే జరుగుతుంది.

తెలుగు ఇళ్ళలో పెరిగిన వారికి ఆ కొలత ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. అయిదు నిలువు గళ్ళు, అయిదు అడ్డు గళ్ళు నేల మీద సుద్దతో గీసి, నాలుగు గవ్వలు వేసి, అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా అని నాలుగు, అన్నీ బోర్లా పడితే అష్టా అని ఎనిమిది లెక్కపెట్టుకునే అష్టాచెమ్మాలో అరిగిపోయే వస్తువంటూ ఏదీ లేదు. ఏడేసి గుంటల రెండు వరుసలలో చింతగింజలు పంచుకుంటూ పోయే వామనగుంటలు కూడా అంతే. ఈ ఆటలలో దాచిన రహస్యం లేదు. నియమాలన్నీ మొదటే తెలిసిపోతాయి, తెలియనిది గవ్వల వాటమూ ఎదుటివారి ఎత్తూ మాత్రమే కాబట్టి, వెయ్యిసార్లు ఆడినా తెలియనితనం మిగిలే ఉంటుంది. ఒక్కసారికే సరిపోయే ఆటలలో పరిస్థితి తలకిందులు. అక్కడ ఆట శరీరమే ఒక రహస్యంతో తయారవుతుంది, ఆ రహస్యం విప్పుకోవడమే ఆట, విప్పిన తరువాత పెట్టెలో మిగిలేది కాగితం. అందుచేత ఇలాంటి ఆటను అష్టాచెమ్మా పక్కన కాక, చివరి పుట వరకూ నిద్ర పట్టనివ్వని అపరాధ పరిశోధన నవల పక్కన ఉంచి చూడడం న్యాయం. ఆ నవలను రెండవసారి చదవలేదని ఎవరూ దానిని తక్కువ చేయరు.

ఈ జాతికి పెద్దదిక్కుగా చెప్పదగినది 1981లో అమెరికాలో వెలువడిన ‘షెర్లాక్ హోమ్స్ కన్సల్టింగ్ డిటెక్టివ్’. రేమండ్ ఎడ్వర్డ్స్, సుజాన్ గోల్డ్‌బర్గ్, గ్యారీ గ్రేడీ కలిసి రూపొందించిన ఈ ఆటకు 1985లో, జర్మనీలో ఏటా ఉత్తమమైన ఆటను ఎంపికచేసి ఇచ్చే ‘ష్పీల్ డెస్ యారెస్’ పురస్కారం దక్కింది. పాచికలు, కాయలు, వంతులవారీ పోటీ వంటివేవీ ఇందులో కనిపించవు. విక్టోరియా మహారాణి కాలపు లండన్ నగర పటం ఒకటి, ఎవరు ఏ వీధిలో ఉంటారో చెప్పే చిరునామాల పుస్తకం ఒకటి, ఒక్కో కేసుకు ఆ రోజు దినపత్రికా దాని కథాపుస్తకమూ ఉంటాయి. ఆడేవారు పత్రిక చదివి, అనుమానం వచ్చిన పేరును చిరునామాల పుస్తకంలో వెతికి, అక్కడున్న చిరునామా అంకెను కథాపుస్తకంలో చూసి, అక్కడి మనిషి ఏం చెప్పాడో పైకి చదువుకుని, తరువాత ఎవరి గడప తొక్కాలో తర్జనభర్జన పడతారు. ఇక చాలనుకున్నప్పుడు ప్రశ్నలకు జవాబులు రాసుకుని, హోమ్స్ ఎంత తక్కువ తిరుగుడుతో నేరస్థుణ్ణి పట్టుకున్నాడో చూసుకుంటారు. మూల సంపుటంలో పది కేసులున్నాయి, ఒక్కొక్కటీ ఒక్కసారికే పనికి వస్తుంది.

ఈ ఆట విషయంలో చిరంజీవి పాటించవలసిన జాగ్రత్త ఒకటుంది. హోమ్స్ కంటే ఎక్కువగా తొక్కిన ప్రతి గడపకూ మార్కులు తగ్గించే పద్ధతి ఇందులో ఉన్నది గానీ, ఆ పోటీని పట్టించుకోకపోవడమే మేలు. హోమ్స్ చూపే తర్కం కొన్ని కేసులలో తర్కం కంటే జోస్యానికి దగ్గరగా ఉంటుంది, మూడు నాలుగు ఆధారాలతో ఆయన ఎలా తేల్చాడో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. మార్కుల కోసం తొందరపడి, చదవవలసిన సగం కథను చదవకుండానే జవాబుకు దూకేవారు ఈ ఆటలోని అసలు సుఖాన్ని, అంటే పొగమంచు పట్టిన ఆ నగరంలో నలుగురూ కలిసి దారితప్పడాన్ని, చేతులారా వదులుకుంటారు. పైకి చదివే పనిని గొంతు బాగున్న ఒక్కరికే అప్పగించక, వంతులవారీగా పంచుకోవడం కూడా మంచిది, లేకపోతే మిగిలినవారు శ్రోతలుగానే మిగిలిపోతారు.

ఇలా కేసులు విప్పే ఆటలు ఒక రకమైతే, రెండవ రకాన్ని ‘లెగసీ’ ఆటలంటారు. ఒక విడతలో జరిగినదాని ప్రభావం తరువాతి విడతకు వారసత్వంగా మిగిలిపోయేలా, బోర్డు మీద స్టిక్కర్లు అంటించడం, పేర్లు రాయడం, కార్డులు చించడం వంటి శాశ్వతమైన మార్పులు చేయించే ఆట అని దాని అర్థం. దీనికి బాటవేసినది రాబ్ డావియో, క్రిస్ డుపుయీతో కలిసి రూపొందించిన, హాస్బ్రో సంస్థ 2011లో వెలువరించిన ‘రిస్క్ లెగసీ’. మూలమైన రిస్క్ ఫ్రెంచి చలనచిత్ర దర్శకుడు ఆల్బేర్ లామోరిస్ కల్పించగా 1957లో వచ్చిన ప్రపంచ విజయయాత్ర ఆట. దానిలో ఎన్ని సామ్రాజ్యాలు కూలినా మరునాటికి పటం మళ్ళీ కన్యగానే ఉండేది. డావియో ఆ పటానికి జ్ఞాపకశక్తి ఇచ్చాడు. గెలిచినవారు బోర్డు మీద సంతకం చేస్తారు, నగరాలకు పేర్లు పెడతారు, పదిహేను విడతలు పూర్తయ్యేసరికి ఆ పటం మరే ఇంటి పటాన్నీ పోలకుండా తయారవుతుంది. పెట్టె అడుగున, ఎన్నటికీ తెరవవద్దన్న హెచ్చరికతో ఒక పొట్లం దాచిపెట్టి ఉంచడం డావియో చిలిపితనానికి ఉదాహరణ. అది తెరవకుండా ఉండగలిగిన ఇళ్ళు ఎన్నో లెక్కకట్టడం దండగ. పదిహేను విడతల తరువాత కూడా ఆ బోర్డు మీద ఆడుకోవచ్చు కాబట్టి దీనిని అచ్చంగా ఒక్కసారి ఆటగా లెక్కించలేము గానీ, దారి వేసిన గౌరవం దానిదే.

ఆ దారిలో శిఖరం మాత్రం 2015లో డావియో, మ్యాట్ లీకాక్ కలిసి చేసిన ‘పాండమిక్ లెగసీ’ మొదటి సీజన్. లీకాక్ 2008లో రూపొందించిన పాండమిక్‌లో ఆడేవారు ఒకరి మీద ఒకరు పోటీపడక, వైద్యులుగా, శాస్త్రజ్ఞులుగా ఒకే జట్టుగా నిలిచి, ప్రపంచ నగరాలలో ప్రబలే నాలుగు వ్యాధులకు మందు కనిపెడతారు. లెగసీ రూపంలో అది జనవరి నుంచి డిసెంబరు దాకా సాగే ఒక సంవత్సరం. ఏ నెలలోనైనా ఓడిపోతే ఆ నెలను మరొక్కసారి ప్రయత్నించవచ్చు, మళ్ళీ ఓడినా కాలం ఆగదు కనుక, మొత్తం ఆట పన్నెండు విడతలకు తగ్గకుండా, ఇరవైనాలుగుకు మించకుండా ముగుస్తుంది. గెలిచిన జట్టుకు తరువాతి విడతలో సర్కారు నిధులు తగ్గుతాయి, ఓడిన జట్టుకు పెరుగుతాయి. బలహీనులకు ఊతమిచ్చి బలవంతులకు బరువు పెంచే ఈ చిన్న ఏర్పాటు వల్ల ఏ జట్టుకైనా కథ చివరిదాకా గుండెదడ తగ్గదు. వ్యాధి పొంగిన నగరాలలో భయం ముదిరి, స్టిక్కర్ల రూపంలో బోర్డు మీదనే ఉండిపోతుంది. నెలల తరబడి వెంటబెట్టుకుని తిరిగిన పాత్ర చనిపోతే ఆ కార్డును చించివేయవలసిందే. ఆ సంవత్సరంలో ఏం జరుగుతుందో ఈ లేఖలో రాయడం ద్రోహం కాబట్టి, మూసి ఉన్న పెట్టెలను వరుస తప్పి తెరవవద్దన్న మాటతో దానిని ముగించడం మంచిది.

కార్డు చించడానికి చేతులు రాక, దానిని దాచిపెట్టి, స్టిక్కర్లకు బదులు తీసివేయగల గుర్తులు పెట్టి, ఆటను తిరిగి మొదటి స్థితికి తెచ్చుకునే ఉపాయాలు కొందరు చేస్తుంటారు. పుస్తకాన్ని కాలితో తాకితే కళ్ళకద్దుకునే ఇళ్ళలో పెరిగిన వారికి ఆ జంకు సహజమే. అయినా ఆ ఉపాయం ఈ ఆటకు చేటు చేస్తుంది. పోయినది తిరిగి రాదన్న ఎరుక ఉన్నంతవరకే, ఏ నగరాన్ని కాపాడాలి, దేనిని వదులుకోవాలి అన్న చర్చలో నలుగురి గొంతులూ నిజంగా పెరుగుతాయి. వెనక్కి తీసుకోగల నష్టం మీద అంత సేపు వాదించేవారు ఉండరు. చించడం మాత్రమే గొప్ప అనుకోవడం కూడా పొరపాటే. లెగసీ అన్న ముద్ర వేసుకుని, కథలో ఏ అవసరమూ లేకుండా స్టిక్కర్లు అంటింపజేసే ఆటలు తరువాతి సంవత్సరాలలో చాలానే వచ్చాయి. మార్పు శాశ్వతమైనంత మాత్రాన దానికి అర్థం రాదు.

తక్కినవాటిని క్లుప్తంగా చూడవచ్చు. జర్మన్ దంపతులు ఇంకా బ్రాండ్, మార్కుస్ బ్రాండ్ 2016లో మొదలుపెట్టిన ‘ఎగ్జిట్’ వరుస ఆటలు, తాళం వేసిన గదిలోంచి చిక్కుముడులు విప్పుకుంటూ బయటపడే వినోదాన్ని చిన్న పెట్టెలోకి తెచ్చాయి. వాటిలో కాగితాన్ని మడవడం, కత్తిరించడం చిక్కుముడిలో భాగమే కాబట్టి ఒక సాయంత్రానికి సరి. అదే కోవలోని ‘అన్‌లాక్’లో ఏదీ చింపనక్కరలేదు కనుక, ఒకరు ఆడిన పెట్టెను మరొకరికి ఇవ్వవచ్చు, కొనేటప్పుడు ఈ తేడా గమనించదగినది. యోహానెస్ జిష్ రూపొందించగా 2020లో వచ్చి, మరుసటి ఏడు ష్పీల్ డెస్ యారెస్ గెలుచుకున్న ‘మైక్రోమాక్రో: క్రైమ్ సిటీ’ పిల్లలూ పెద్దలూ కలిసి ఒక పెద్ద నలుపుతెలుపు నగర పటం మీద వంగి, పదహారు నేరాలను భూతద్దంతో వెతికి పట్టుకునే ఆట. అందులో బొమ్మలు పిల్లల పుస్తకంలా ఉన్నా, విషయం హత్యలు కాబట్టి ఇంట్లో పసివారుంటే పెద్దలు కేసులను ముందుగా ఎంచుకోవాలి.

వీటన్నిటికీ భిన్నంగా, రహస్యం తీరిపోయినందువల్ల కాక, మనసు ఒప్పుకోనందువల్ల ఒక్కసారితో ఆగిపోయే ఆట ఒకటున్నది. అమెరికన్ రూపకర్త బ్రెండా రొమెరో 2009లో చేసిన ‘ట్రైన్’ అంగడిలో దొరికేది కాదు, ఆమె ప్రదర్శించడానికి చేసిన ఒకే ఒక్క ప్రతి. పగిలిన గాజు ఉన్న కిటికీ చట్రం మీద పట్టాలు పరచి ఉంటాయి. ఆడేవారు పసుపుపచ్చ మనిషి బొమ్మలను సరుకు పెట్టెలలోకి ఎక్కించి, కార్డులు వాడుకుంటూ రైలును చివరిదాకా నడపాలి. గమ్యం చేరిన తరువాత తిప్పిన కార్డు మీద ఆష్విట్జ్ వంటి నాజీ నిర్బంధ శిబిరం పేరు కనిపిస్తుంది. అప్పటిదాకా వీలైనన్ని బొమ్మలను ఇరికించడం నేర్పు అనుకున్న చేతులు అక్కడ ఆగిపోతాయి. నియమాలు చెప్పాయి కాబట్టి చేశామన్న మాట ఎంత సులువుగా నోటికి వస్తుందో మనిషికి తెలియజెప్పడానికి వేల పుటల చరిత్ర చేయలేని పనిని ఈ ఆట కొద్దిసేపటిలో చేస్తుంది. అది తెలిసిన తరువాత ఆ బల్ల ముందు కూర్చునే మనిషి అదే ఆట ఆడలేడు, రైలు నడవకుండా అడ్డుపడడం తప్ప అతనికి వేరే ఎత్తు ఉండదు. సంతోషపెట్టని ఆట ఇష్టమైనది అవుతుందా అన్న సందేహానికి, ఇష్టమన్న మాట నవ్వుకు మాత్రమే పరిమితం కాదన్నదే జవాబు.

చిరంజీవి ముందున్న ప్రమాదం డబ్బు వృథా కావడం కాదు, పెట్టెలు పోగుపడడం. ఒక్కసారికే పనికి వచ్చే ఆటకు అర్హమైన రోజు రావాలని దాచి, ఆ రోజు రాకుండానే ఏళ్ళు గడపడం ఈ సరదా ఉన్నవారిలో తరచుగా కనిపించే జబ్బు. జేసన్ రోరర్ అనే రూపకర్త 2013లో టైటానియం లోహంతో ఒక ఆట చేసి, కంప్యూటరు చేతనే పరీక్షింపజేసి, తాను ఒక్కసారైనా ఆడకుండా, రెండువేల ఏళ్ళ తరువాతి వారి కోసమని నెవాడా ఎడారిలో పాతిపెట్టాడు. అది ఒక కళాకారుడి ఆలోచనగా ముచ్చటగానే ఉన్నా, ఇంటి అలమారాను నెవాడా ఎడారిగా మార్చుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. కాబట్టి పెట్టె కొనడానికి ముందే దానిని ఎవరితో ఆడాలో నిర్ణయించుకోవాలి. పాండమిక్ లెగసీ వంటి దానికి నెలల తరబడి విడిచిపోకుండా వచ్చే ముగ్గురు కావాలి. మధ్యలో ఒకరు మారితే కొత్తవారికి ఆ మచ్చలూ పేర్లూ ఏమిటో తెలియక, పాతవారికి చెప్పే ఓపిక లేక, ఆట చల్లబడిపోతుంది. అలాంటి ముగ్గురు దొరకని పక్షంలో హోమ్స్ కేసులే మేలు, వాటికి ఏ రాత్రికి ఆ రాత్రి కుదిరినవారు చాలు, ఒంటరిగా కూడా సాగుతుంది. పాండమిక్ లెగసీ మొదటి సీజన్ బాగుందన్న ఊపులో రెండవదాన్ని వెంటనే కొనడం కూడా వద్దు. తృప్తిగా ముగిసిన దాని పక్కన కొంతకాలం ఖాళీ ఉండనివ్వాలి.

హోమ్స్ పెట్టె ముగించిన తరువాత దానిని అమ్మక, పారేయక, ఇక్కడ ఇంటర్మీడియట్ పరీక్షలు పూర్తి చేసుకున్న తమ్ముడికి పంపవలెను. పంపే ముందు దినపత్రికలలో పెన్సిలు గీతలు చెరిపి, కథాపుస్తకంలో ఏ పేజీ మడత పడి ఉన్నా సరిచేసి, నేరస్థుడెవరో నోరు జారకుండా ఉండవలెను. రాబోయే సంక్రాంతికి ఆ పెట్టె ఇక్కడికి చేరితే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు.

ఇట్లు
ఆశీస్సులతో, మేనమామ