నీటిలోని సహజ సేంద్రియ పదార్థాల తొలగింపునకు వడపోత పొరల తయారీ

చెరువులు, కాలువల నీటిలో ఆకులు, గడ్డి, నాచు కుళ్లినప్పుడు హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాల వంటి సహజ సేంద్రియ పదార్థాలు చేరుతాయి. నేలకు మేలు చేసే ఈ పదార్థాలే తాగునీటిలో సమస్యగా మారుతాయి. ఇవి నీటికి పసుపు, గోధుమ రంగునివ్వడమే గాక, క్లోరిన్‌తో చర్య జరిపి క్లోరోఫాం మొదలైన ట్రైహాలోమీథేన్లను ఏర్పరుస్తాయని 1974లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు రూక్ వెల్లడించాడు. అమెరికాలో వీటి మొత్తం పరిమితి లీటరుకు 80 మైక్రోగ్రాములు. కాబట్టి క్లోరిన్ కలపడానికి ముందే సేంద్రియ పదార్థాలను తగ్గించడం అవసరం. కాలువ నీటిని చెరువుల్లో నిల్వ చేసుకొని తాగే కోస్తా ఆంధ్ర గ్రామాలకు ఈ విషయం ముఖ్యమైనది.

తయారీ విధానం: పాలీఈథర్‌సల్ఫోన్ అనే పాలిమర్‌ను సుమారు 15-18 శాతం మేరకు ఎన్-మిథైల్ పైరోలిడోన్ ద్రావణిలో కరిగిస్తారు. రంధ్రాలు ఏర్పడేందుకు కొంత పాలీవినైల్ పైరోలిడోన్ కలుపుతారు. గాలి బుడగలు పోయిన తరువాత ద్రావణాన్ని గాజు పలకపై సుమారు 200 మైక్రాన్ల మందంతో పరచి, వెంటనే నీటి తొట్టిలో ముంచుతారు. ద్రావణి నీటిలోకి, నీరు ద్రావణంలోకి చేరగా పాలిమర్ గట్టిపడుతుంది. పైభాగాన దట్టమైన పలుచని పొర, అడుగున గుల్లగా ఉండే ఆధారం ఏర్పడతాయి. వడపోత పైపొర వల్ల జరుగుతుంది. అడుగు భాగం దానికి బలాన్నిస్తుంది.

పాలిమర్ శాతం పెరిగితే సాధారణంగా రంధ్రాలు చిన్నవై సేంద్రియ పదార్థాలు ఎక్కువగా ఆగుతాయి. అయితే నీటి ప్రవాహం తగ్గుతుంది. పరిమాణంలో పెద్దవైన హ్యూమిక్ ఆమ్లాలు అల్ట్రాఫిల్ట్రేషన్ పొరపై సులువుగా ఆగుతాయి. చిన్నవైన ఫల్విక్ ఆమ్లాలలో కొంత భాగం దాటిపోతుంది. పాలీఈథర్‌సల్ఫోన్‌కు నీటిపై ఆకర్షణ తక్కువ కావడం వల్ల హ్యూమిక్ పదార్థాలు దానికి అంటుకొని రంధ్రాలను మూసివేస్తాయి. నీటిలోని కాల్షియం ఈ అతుకును మరింత బలపరుస్తుంది. పాలీవినైల్ పైరోలిడోన్, టైటానియం డయాక్సైడ్ నానోకణాల వంటివి పొరకు నీటిపై ఆకర్షణను పెంచి ఈ ఇబ్బందిని తగ్గిస్తాయి.

పరీక్ష: వడపోతకు ముందు, తరువాత 254 నానోమీటర్ల వద్ద నీటి అతినీలలోహిత శోషణను కొలిచి తొలగింపు శాతాన్ని అంచనా వేస్తారు. ఇది మాత్రమే చాలదు. శుద్ధ జల ప్రవాహాన్ని వాడకానికి ముందు, కడిగిన తరువాత ఒకే పీడనం వద్ద కొలవాలి. ఉదాహరణకు మొదట గంటకు చదరపు మీటరుకు 100 లీటర్లు, కడిగిన పిదప 90 లీటర్లు వస్తే ప్రవాహ పునరుద్ధరణ 90 శాతం.

తొలగింపు శాతం ఎంత ఎక్కువైనా, కడిగినప్పుడు ప్రవాహం తిరిగి రాని పొర గ్రామీణ నీటి పథకానికి భారమే అవుతుంది. అందుచేత తొలగింపు, ప్రవాహం, పునరుద్ధరణ మూడింటినీ కలిపి పరిశీలించాకే పొరను ఎంపిక చేయాలి. అల్ట్రాఫిల్ట్రేషన్ పొరలు నీటిలో కరిగిన లవణాలను, ఫ్లోరైడ్‌ను తొలగించలేవన్న విషయాన్ని కూడా విస్తరణ శాస్త్రజ్ఞులు గ్రామస్థులకు స్పష్టంగా తెలియజేయాలి.