మెమొరీ కార్డు ఎందుకు మరచిపోతుంది?

మాది ఉద్దానం. కొబ్బరి, జీడి మీద బ్రతికే కుటుంబం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే మా తోటలో నిలిచిన చెట్లు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆ ఏడు వేసవిలోనే మా అన్నయ్య తాతను తోటలో నిలబెట్టి ఫోనుతో ఫోటోలు తీశాడు. తరువాత ఫోను పాడైంది, కార్డు ట్రంకు పెట్టెలోకి చేరింది. పెట్టె ఉన్నది రేకుల గదిలో.

తాత పోయాక అమ్మ ఆ ఫోటో పెద్దది చేయించమంది. కార్డు కంప్యూటరులో పెట్టాను. కొన్ని అసలు తెరుచుకోలేదు. కొన్నింటిలో పై సగం తోట, క్రింది సగం బూడిదరంగు.

“కార్డుకి చెద పట్టదు కదరా, ఎలాగ పోయింది?” అంది అమ్మ. ఫిజిక్సు చదువుతున్నానన్న మాటే గాని, అప్పుడు నోట మాట రాలేదు. ఆ జవాబు కోసం చదివినదే ఇక్కడ వ్రాస్తున్నాను.

1967లో బెల్ లాబరేటరీలో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ‘ఫ్లోటింగ్ గేటు’ను ప్రతిపాదించారు. దాని ఆధారంగా తోషిబాలో ఫుజియో మసుఓకా 1980లలో ఫ్లాష్ మెమొరీని రూపొందించాడు. ఫ్లోటింగ్ గేటంటే నాలుగు ప్రక్కలా ఆక్సైడు పొర కప్పిన చిన్న వాహకం. పెంకు లోపలి జీడిపప్పు వంటిది. ఎక్కువ వోల్టేజి పెడితే ఎలక్ట్రానులు ఆ పెంకును టన్నెలింగు ద్వారా దాటి లోపల చిక్కుకుంటాయి. ఆ ఆవేశమే మన ఫోటో. పెంకు మందం పది నానోమీటర్ల లోపే కనుక, చిక్కినవి ఎప్పటికీ ఉండిపోవు. మెల్లగా కారిపోతాయి.

వ్రాసి చెరిపిన ప్రతిసారీ పెంకు కొంత దెబ్బతింటుంది. అందుకే బాగా వాడిన కార్డు తొందరగా మరచిపోతుంది. దీనికి తోడు మన పొదుపు ఒకటి. పూర్వం ఒక గదిలో ఒక్క బిట్టే దాచేవారు. కుండలో నీళ్ళున్నాయా, లేవా అన్నదే ప్రశ్న. ఇప్పుడు మూడు బిట్లు దాస్తున్నారు. అంటే నీళ్ళు ఎనిమిది గీతల్లో ఏ గీత దగ్గరున్నాయో చెప్పాలి. కాస్త కారినా లెక్క తప్పుతుంది. చవక కార్డు చవకగా వచ్చేది ఇందుకే!

ఇక వేడి. జెడెక్ ప్రమాణం ప్రకారం మామూలు వాడకపు ఎస్.ఎస్.డి. తన వ్రాత ఆయువంతా తీరిన తరువాత కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల సెంటిగ్రేడులో ఒక ఏడాది సమాచారం నిలపాలి. కెమిస్ట్రీ క్లాసులో బట్టీపట్టిన అరేనియస్ సమీకరణంలో ఉత్తేజక శక్తి 1.1 ఎలక్ట్రాన్ వోల్టు వేసి చూశాను. 30 నుంచి 40 డిగ్రీలకు పెరిగితే కారుడు వేగం దాదాపు నాలుగింతలు! మా రేకుల గదిలో మే నెల గురించి వేరే చెప్పాలా? కంట్రోలరు చెడినా కార్డు ఇలాగే మొరాయిస్తుంది గనుక నేరమంతా వేడిమీదే మోపను.

శాస్త్రజ్ఞులు ఊరుకోలేదు. తప్పులు దిద్దే కోడ్లు కార్డులోనే ఉంటాయి. శామ్‌సంగ్ 2013 నుంచి అంతస్తులుగా కట్టిన చిప్పుల్లో, వాహకానికి బదులు సిలికాన్ నైట్రైడు అనే బంధకంలో ఆవేశాన్ని దాచింది. కుండకు ఒక్క చిల్లు పడితే నీరంతా పోతుంది. నానిన గోనెకు చిల్లు పడితే అక్కడి తడే పోతుంది. తేడా అదే.

మనం చేయగలిగింది కూడా ఉంది. కార్డును చల్లని చోట ఉంచాలి. ఏడాదికోసారి ఫైళ్ళన్నీ మరోచోటికి తీసి, సరిచూసుకుని, తిరిగి వ్రాయాలి. ఊరికే తెరచి చూస్తే ఆవేశం నిండుతుందని నమ్మడానికి లేదు. ఇంకో ప్రతి హార్డుడిస్కులో ఉంటే మేలు. అక్కడ దాచేది అయస్కాంతత్వం, ఆవేశం కాదు.

ఇదంతా చెబితే నాన్న నవ్వి, “చోడి విత్తనం సంగతే కదా! ఎప్పటికప్పుడు చల్లి, మళ్ళీ గింజ తీసుకోకపోతే మొలవదు” అన్నాడు. మూడు పేజీల నా నోట్సు ఆయనకు ఒక్క ముక్కలో అయిపోయింది.

ఫోటో ఫైలు పైనుంచి క్రిందికి విప్పుకుంటూ వస్తుంది. చెడినచోట ఆగిపోతుంది. ఆ విధంగా ఒకదానిలో తాత ముఖం దక్కింది. టెక్కలిలో స్టూడియోవాడు బూడిదరంగు కత్తిరించి ఫ్రేము కట్టి ఇచ్చాడు. తాత నడుము వరకే ఉన్నాడు. వెనుక కొబ్బరి మట్టలున్నాయి, మొదళ్ళు లేవు.