మాడిన దోసె చెప్పిన పాఠం

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైన 1998లోనే నేను ప్రోగ్రామర్‌గా ఉద్యోగంలో చేరాను. తరువాత ప్రొడక్ట్ మేనేజర్‌నయ్యాను. ఏం తయారుచెయ్యాలి, ఎవరి కోసం, ఏది వదిలెయ్యాలి అని తేల్చడమే ఆ పని. చివరి పదేళ్లూ చిన్న దుకాణాల చెల్లింపుల యాప్ మీదే గడిచాయి. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుంటున్న మీకు నా తప్పుల లెక్క అప్పజెబుతున్నాను.

1. అడిగితే చెప్పేది ఒకటి, పక్కన నిలబడితే కనబడేది ఒకటి.

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. చిల్లర లేక అల్లాడిన దుకాణాలకు, ఆ ఏడాది ఏప్రిల్‌లోనే వచ్చిన యూపీఐ ఒక దారి చూపింది. మేం కొందరు దుకాణదారులను ఆఫీసుకు పిలిచి, టీ ఇచ్చి, ఏం కావాలని అడిగాం. రోజువారీ లెక్కలు, నెలవారీ పట్టికలు అన్నారు. అన్నీ చేసిచ్చాం. తెరిచి చూసినవాళ్లు లేరు.

ఏడాది తరువాత కూకట్‌పల్లిలో ఒక టిఫిన్ బండి పక్కన రెండు గంటలు నిలబడ్డాను. బండి నడిపే అమ్మ కుడిచేతి నిండా పిండే. ఎవరైనా డబ్బు పంపామని ఫోన్ చూపిస్తే, చెయ్యి కొంగుకు తుడుచుకుని, తన ఫోన్ తీసి, మెసేజ్ వచ్చిందో లేదో చూసుకునేది. ఈలోగా పెనం మీద దోసె మాడేది. ఆమెకు కావలసింది చెవిన పడే కబురు. డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్ బాక్స్ ఇవాళ ఎన్ని బండ్ల మీద ఉందో చూడండి. ఆఫీసుకు పిలిచి అడిగి ఉంటే ఆమె కూడా ఆ మాట చెప్పేది కాదేమో. దోసె మాడడం ఆమెకు అలవాటైపోయింది.

2. చేర్చమని అందరూ అడుగుతారు, తీసెయ్యమని ఎవరూ అడగరు.

సేల్స్ వాళ్లు ఒక బటన్ అడిగేవారు, పై అధికారి ఇంకొకటి. కాదంటే నొచ్చుకుంటారని తల ఊపేవాడిని. మూడేళ్లకు మొదటి తెర మీద 14 బటన్లయ్యాయి. డబ్బు తీసుకునే క్యూఆర్ కోడ్ వాటన్నిటి కిందా, వేలితో జరిపితేగానీ కనబడని చోటికి పోయింది. మొహమాటం నాది. గిరాకీని ఎదురుగా నిలబెట్టుకుని ఫోన్‌లో వెతుక్కునే అవస్థ దుకాణదారుది.

3. సగటు లెక్కలో మనిషి మాయమవుతాడు.

నూటికి 99 చెల్లింపులు సవ్యంగా జరిగాయని ప్రతి వారం చూపించి సంతోషించేవాడిని. ఒకరోజు కస్టమర్ కేర్‌కు వచ్చే ఫోన్లు వింటూ కూర్చున్నాను. ఒక కిరాణా కొట్టాయన బేగంబజార్ వ్యాపారికి పంపిన 18,000 రూపాయలు ఖాతాలో కట్ అయ్యాయి, అవతల చేరలేదు. "సరుకు దించకుండా ట్రాలీ ఆటో వెనక్కి పోతోంది సార్" అంటున్నాడు. మావాళ్లు రాసిపెట్టుకున్న సమాధానం చదివి వినిపించారు. మా లెక్కలో నూటికి ఒకటైనది, ఆయనకు ఆ రోజు బేరమంతా. ఇలా ఆగిన సొమ్ము గడువులోగా వెనక్కి రాకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. ఆ పట్టింపు ఎవరూ చెప్పకముందే మాకు ఉండవలసింది.

4. అక్షరం తెలుగైనంత మాత్రాన మాట తెలుగైపోదు.

"లావాదేవీ విఫలమైనది" అని రాయించి, తెలుగు యాప్ ఇచ్చామని గర్వపడ్డాను. వరంగల్‌లో ఒక పండ్ల వ్యాపారి అది చూసి, "అంటే నా పైసలు పోయినట్టా, ఉన్నట్టా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ తరువాత "డబ్బులు వెళ్లలేదు. మీ ఖాతాలోనే ఉన్నాయి" అని మార్పించాను. బ్యాంకు నుంచి ఆ సంగతి తేలాకే ఆ వాక్యం కనబడేలా చూశాం. ఉత్త ధైర్యం చెప్పడం ఇంకా పెద్ద తప్పు కదా.

5. మెల్లగా చెప్పేవారి మాట ముందు వినాలి.

విడుదలకు రెండు రోజుల ముందు, నెట్‌వర్క్ పోయి వస్తే ఒకే చెల్లింపు రెండుసార్లు వెళ్తోందని ఒక జూనియర్ టెస్టర్ అమ్మాయి చెప్పింది. తేదీ ప్రకటించేశాం. "ఎప్పుడో ఒకసారి జరుగుతుందిలేమ్మా" అన్నాను. దసరా వారంలో అలా రెండుసార్లు డబ్బు పోయినవాళ్ల జాబితా ముందేసుకుని, రాత్రిళ్లు కూర్చుని ఒక్కొక్కటీ సరిచూసింది ఆ అమ్మాయే. నన్ను ఒక్క మాట అనలేదు. అందరి ముందూ ఆమెకు క్షమాపణ చెప్పవలసినవాడిని. ఆమె ఉద్యోగం మారి వెళ్లిపోయేదాకా చెప్పలేకపోయాను. నన్ను ఇప్పటికీ కలచివేసేది ఇదే.

నా మాట మీద ఏమాత్రం గురి ఉన్నా, ఈ వారం ఒక పూట లాప్‌టాప్ మూసి, మీ యాప్ వాడే మనిషి పక్కన నిలబడండి. ఏమీ అడగకండి. ఆ చేతుల వంక చూస్తూ ఉండండి.