డిస్కు మీది లాగ్‌కు చోటు చాలకపోతే

ప్రశ్న: మా సీఐసీఎస్ సిస్టమ్ లాగ్‌ను కప్లింగ్ ఫెసిలిటీ లేకుండా డిస్కు మీదే నడుపుతున్నాం. రద్దీ వేళ ఆఫ్‌లోడ్‌లు ఎడతెగకుండా జరుగుతున్నాయి. స్టేజింగ్ డేటాసెట్ పెంచితే సరిపోతుందా?

జవాబు: పెంచవచ్చు. కానీ ముందు ఎస్ఎంఎఫ్ 88 రికార్డులు తీసి చూడండి. సిస్టమ్ లాగ్ అయిన డీఎఫ్‌హెచ్‌లాగ్‌కు సంబంధించి, ఆఫ్‌లోడ్ డేటాసెట్‌కు రాయకుండానే తొలగించిన బైట్లే ఎక్కువ ఉండాలి. రాశాక తొలగించినవి సున్నాకు దగ్గరగా ఉండాలి. లెక్క తిరగబడిందంటే, పాత రికార్డులు వేళకు పోవడం లేదన్నమాట. సీఐసీఎస్ వాటిని తొలగించేది యాక్టివిటీ కీపాయింట్ దగ్గరే. అందుకే కీపాయింట్ల మధ్య ఎడాన్ని నిర్ణయించే ఏకేపీఎఫ్‌ఆర్‌ఈక్యూ విలువ మరీ పెద్దదైతే చోటు చాలదు.

అసలు దోషి చాలాసార్లు గంటల తరబడి సింక్‌పాయింట్ తీసుకోని ప్రోగ్రామే. అది లాగ్‌లో మార్పు రాసి, ముగించకుండా కూర్చుంటే దాని తర్వాతి రికార్డులేవీ కదలవు. ఎంత చోటిచ్చినా మింగేస్తుంది. ముందు దాన్ని పట్టుకుని, మధ్యమధ్య సింక్‌పాయింట్ పెట్టించండి.

ఇక సైజు సంగతి. స్టేజింగ్‌లో ప్రతి బ్లాకూ 4 కేబీ లెక్కన చోటు తీసుకుంటుంది. 500 బైట్లు రాసినా 4 కేబీ ఖర్చే. ఎస్‌టీజీ_సైజ్ వేసేటప్పుడు బైట్లు కాదు, బ్లాకులు లెక్కపెట్టండి. ఆఫ్‌లోడ్ డేటాసెట్ సైజు చెప్పే ఎల్‌ఎస్_సైజ్ కూడా మీరే ఇవ్వండి. ఆఫ్‌లోడ్ మొదలయ్యే మట్టమైన హైఆఫ్‌లోడ్‌ను మాత్రం 80 శాతం దాటించకండి. స్టేజింగ్ నిండితే రాతలు ఆగి, లావాదేవీలన్నీ వేచి ఉండాల్సి వస్తుంది.