దృశ్యపాఠములు, మన మణికట్టు

తెలుగున చదివి వైద్యకళాశాలలో చేరిన మన విద్యార్థులకు మొదట ఎదురగు కష్టము శరీరనిర్మాణశాస్త్రము. ఎముకలకు, కండరములకు, నాడులకు అన్నింటికిని లాటిన్, గ్రీకు పేర్లే, బోధన ఆంగ్లమున. 2020లో కోవిడ్ వలన కళాశాలలు మూతపడినప్పుడు పెక్కురు యూట్యూబు దృశ్యపాఠముల నాశ్రయించిరి. అవి మేలైనవే. అర్థముకాని చోట నిలిపి పదిమారులు వినవచ్చును. అంత ఓపిక ఏ అధ్యాపకునకును లేదు, నాకును లేదు.

అయినను దృశ్యపాఠమున కనబడు చేయి ఒక్కటే. లోకమున చేతులు పలువిధములు. బొటనవ్రేలిని చిటికెనవ్రేలికి తాకించి, మణికట్టును కొంచెము లోనికి వంచి చూడుడు. నడుమ త్రాడువలె ఒక స్నాయుబంధనము పైకి లేచును. అది పాల్మారిస్ లాంగస్ అను కండరమునకు చెందినది. కొందఱికి ఆ కండరమే యుండదు. కొందఱికి ఒక చేతనుండి రెండవచేత నుండదు. లేకున్నను చేతి పనికి లోటు రాదు. కనుకనే వేఱొకచోట తెగిన స్నాయుబంధనమును బాగుచేయుటకు శస్త్రవైద్యులు దీనిని తీసి వాడుదురు.

దీనికి దిగువనే మీడియన్ నాడి కలదు. ఈ కండరము లేని చేతిలో దానికై వెదకి, పొరపాటున ఆ నాడిని కోసిన సందర్భములు కలవు. అట్లయినచో బొటనవ్రేలును, దాని ప్రక్క రెండు వ్రేళ్లును స్పర్శను కోల్పోవును.